ఇటు ఎక్కి అటు దిగాను

మా తెనాలిలో ఎవరితోనైనా కడప జిల్లాకి పోతున్నానని చెప్పి చూడండి. మీకేదో రోగం వచ్చినట్టు మొహం పెడతారు. "అక్కడ బాంబులటగా" అంటారు. మా స్కూల్లో లెక్కల టీచరైతే "డ్రాయింగు టీచరువి, నీకక్కడేం పని?" అని నిలదీసింది. "ఒక బొమ్మలో లేని కట్టడం ఏదో కనిపెట్టాలి" అన్నాను. ఆవిడ చాక్‌పీసులు తీసుకుని క్లాసుకి పోయింది. పిచ్చిదనుకుని ఉంటుంది. మీరూ అనుకోకుండా మొదట్నుంచీ చెప్తాను.

నాకు డ్రాయింగు నేర్పిన మాస్టారికి ఎనభై దాటాయి. వయసులో ఉండగా మూడేళ్ళు జమ్మలమడుగులో మిషను బళ్ళో పనిచేశారు. అప్పుడు వేసిన నీటిరంగుల బొమ్మ ఒకటి వాళ్ళ ముందుగదిలో ఉంటుంది, లంగా ఓణీల నాటి నుంచీ చూస్తున్నాను. పెద్ద లోయ, అడుగున ఆకుపచ్చ ఏరు, ఎర్రటి కొండ అంచు మీద ఐదు కట్టడాలు. చెక్క వసారా ఉన్న మేడ, మసీదు, పావురాల గూళ్ళున్న గోపురం, చర్చి గంటగోపురం. వాటన్నిటికీ మధ్యలో, ఎత్తు అరుగు మీద చిన్న మండపం. దానికి రెండు పక్కలా మెట్లే. ఇటు నుంచి ఒక వరస, అటు నుంచి ఒక వరస, పైన కలుస్తాయి. వెనక మబ్బులు, పొద్దు వాలే వెలుతురు. అలాంటి చోటు భూమ్మీద ఉండదని చూడగానే తెలిసిపోతుంది, అయినా పోయి కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

మాస్టారికి ఒకటే నియమం: కంటితో చూసిందే గీయాలి. మామిడికాయ ఎదురుగా లేకుండా మామిడికాయ గీస్తే స్కేలుతో వేళ్ళ మీద ఒకటిచ్చేవారు. ఆ మనిషి ఈ బొమ్మకి మాత్రం సంతకం పెట్టలేదు. "తలో ఊళ్ళో ఉన్నవి తెచ్చి పక్కపక్కన పెట్టాను, అది సర్దుబాటు. కానీ ఐదింట్లో ఒకటి అసలు లేనే లేదు. కుర్రతనంలో కల్పించేశాను" అనేవారు. ఏదండీ అని అడిగితే చెప్పలేరు. ఆయనే మర్చిపోయారు.

నవ్వుకుని ఊరుకునే సంగతే, ఆయన కళ్ళ విషయం రాకపోతే. నీరుకాసులు. ఒక కన్ను పోయింది. రెండోదాంట్లో ఉన్న కాస్త చూపూ ఈ ఎండాకాలం దాటదన్నారు డాక్టరు. ఓ సాయంత్రం నన్ను పిలిపించి, "అమ్మాయ్, నువ్వెళ్ళి చూసిరా. లేనిదేదో చెప్పు. తడి కుంచెతో నానబెట్టి, అద్దుడు కాగితంతో అద్దేసి, అక్కడ కాస్త ఆకాశం వేసి సంతకం పెడతాను. చూపుండగా చెయ్యాల్సింది ఇదొక్కటే మిగిలింది" అన్నారు.

ఆ ఐదింట్లో నా ప్రాణమంతా రెండు మెట్ల మండపం మీదే. లేనిది అదేనని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. అంటే నేనే పోయి, దాన్ని తుడిపించడానికి సాక్ష్యం తేవాలన్నమాట. కాదనలేక బొమ్మని రేకు గొట్టంలో చుట్టి బయల్దేరాను.

ప్రొద్దుటూరు: ఐదు స్తంభాలు, ఏడు స్తంభాలు

ప్రొద్దుటూరుని అక్కడివాళ్ళు చిన్న బొంబాయి అంటారు. బొంబాయి నేను చూడలేదు గానీ, ఒకే వీధిలో అన్ని బంగారం కొట్లు మాత్రం ఎక్కడా చూడలేదు. ముందు కారం దోసె తిన్నాను. మూడు రూపాయలు. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి జల్లి ఇచ్చారు. గుంటూరు జిల్లా మనిషిని, కారమంటే మాదే అనే పొగరు నాకుండేది. మూడో ముక్కకి పోయింది. పక్క బల్ల పెద్దాయన నీళ్ళ చెంబు నా వైపు జరిపి, "మెల్లిగా తిను మా, దోసె యాడికీ పోదు" అన్నాడు.

బంగారం కొట్ల వీధిలో ఒక శెట్టిగారి కొట్లో గొట్టం విప్పి బొమ్మ చూపించాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చెక్క వసారా మేడ మీద వేలు పెట్టాడు.

"యాడ సంపాదించినావు మా ఇది? మా మేనమామ ఇల్లు ఇది."

పక్క కొట్టాయన తొంగి చూసి, "వాళ్ళ మేనమామది కాదు, మా నాయనమ్మ పుట్టినిల్లు" అన్నాడు. ఇద్దరూ కాసేపు వాదించుకుని, చివరికి రెండూ ఒకే ఇల్లని తేల్చుకున్నారు. బంధువులమని అప్పుడే గుర్తొచ్చింది కాబోలు, నాతోపాటు ఒకరికొకరు కాఫీ తెప్పించుకున్నారు.

మేడ ముందు నుంచి కనపడలేదు. కింద స్టీలు సామాన్ల కొట్టు, పైన దాని బోర్డు, బోర్డు మీద ఎలక్షన్ల పోస్టర్లు పొరలు పొరలుగా. శెట్టిగారు నన్ను ఎదురింటి మిద్దె ఎక్కించాడు. బోర్డు వెనకాల వసారా ఉంది, చెక్క కటకటాల మీద చిలకలతో సహా. స్తంభాలు ఐదు. మాస్టారి బొమ్మలో ఏడు.

"మీ అయ్యోరు ధారాళంగా వేసినాడే" అన్నాడు శెట్టిగారు.

"వసారా ఎందుకు మూసేశారండీ?" అన్నాను.

"గొడవలప్పుడు రాళ్ళు పడతాండె మా. వీధి చూసే సరదా ఎవురికుంటుంది?" అన్నాడాయన, బోర్డు వైపు చూసి. సరే, ఒకటి ఉంది. మిగిలినవి నాలుగు.

జమ్మలమడుగు: బొమ్మల అయ్యోరు

గంటగోపురానికి వెతుకులాట అక్కర్లేకపోయింది. బస్సు దిగి తలెత్తితే కనిపించింది, బొమ్మలో ఉన్నంత పొడుగు లేదు, అంతే. చర్చి పక్క సందులో ఒకావిడ గడప మీద కూచుని చెనిక్కాయలు ఒలుస్తోంది. "వేరుశెనగలా?" అని పలకరించాను. "చెనిక్కాయలు అను" అని దిద్దింది. పేరు సుందరమ్మ, మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి మానుకుంది. డెబ్భై పైన ఉంటాయి. బొమ్మ చూపించి మాస్టారి పేరు చెప్పగానే చేట పక్కన పెట్టేసింది.

"బొమ్మల అయ్యోరా? ఇంకా ఉండాడా? నేను కొత్తగా పనిలో చేరినప్పుడు చూస్తాంటి. సైకిలుకు ముందర రంగుల పెట్టె, వెనకాల గొడుగు. ఎండలో కూచొని రాళ్ళు గీస్తాండె. నాతో ఉండే పిల్లలంతా నవ్వుతాండ్రి."

"మీరు నవ్వలేదా?"

"నేను శానా నవ్వినా" అంది. "ఎండకు పడిపోతే మళ్ళా మేమే గదా మోసుకొచ్చేది."

ఆవిడ నా చేతిలో గుప్పెడు చెనిక్కాయలు పెట్టి, తినే దాకా ఊరుకోలేదు. బొమ్మలో మసీదునీ పావురాల గోపురాన్నీ చూసి గండికోటవని చెప్పింది. నా మండపం దగ్గరికొచ్చేసరికి పెదవి విరిచింది.

"ఇది యాడా చూడలేదు మా. రెండు పక్కలా మెట్లు ఏందికి? పిచ్చి కాకపోతే."

నా మొహం చూసి జాలిపడిందేమో, ఒక దారి చెప్పింది. మాస్టారి దగ్గర దానియేలనే పిల్లోడు చదువుకున్నాడట, ఎప్పుడూ రంగుల పెట్టె వెంటే తిరిగేవాడట. తర్వాత బడి అయ్యోరై పులివెందుల పక్క పల్లెకి పోయి అక్కడే ఉండిపోయాడు. "వానికి తెలియకపోతే ఇంకెవురికీ తెలీదు" అంది.

గండికోట: ఒక చెప్పు

గండికోట చూడనివాళ్ళకి ఏం చెప్పను. భూమి ఉన్నట్టుండి రెండుగా చీలి, ఆ అడుగున పెన్నేరు పోతోంది. అంచు దగ్గర ఎర్రరాళ్ళు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంత అందం ఎదురుగా పెట్టుకుని మాస్టారు చూసింది చూసినట్టే గీసి ఊరుకోలేకపోయారంటే, ఆయన్ని తప్పుపట్టలేను.

మసీదు ఉంది. పావురాల గోపురం ఉంది, గూళ్ళతో సహా. అక్కడి నుంచి అంచుకొచ్చి, లోయలోకి చూద్దామని రాతి మీద ఒంగాను. ఎడమ కాలి చెప్పు జారి, రెండు రాళ్ళ మీద తపతపా కొట్టుకుని, లోయలోకి పోయింది. అక్కడ మేకలు తోలుకుంటున్న మనిషి అది పోయినంత మేరా చూసి, "ఇంకొకటి కూడా ఇసిరేయి మా, కింద ఎవురికైనా జతగా పనికొస్తాది" అన్నాడు. నేను విసరలేదు. జమ్మలమడుగు తిరిగొచ్చాక పారేశాను. రాత్రి మూసేసే వేళకి ఒక కొట్లో దొరికినవి మగవాళ్ళ రబ్బరు చెప్పులు, నా కాలికి రెండు వేళ్ళ పొడుగు ఎక్కువ. వాటితో నడిస్తే టపాటపా ఊరంతా వినిపిస్తుంది. వీటి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి.

నాలుగూ ఉన్నాయని తేలింది. అంటే లేనిది ఐదోదే. ఆ రాత్రి లాడ్జిలో బొమ్మ విప్పి మండపాన్నే చూస్తూ కూర్చున్నాను. దొంగ సాక్ష్యం చెప్తే ఏం పోతుంది, పావురాల గోపురం లేదని చెప్పేస్తే సరిపోదా అని కూడా అనుకున్నాను. సిగ్గేసింది గానీ, అనుకున్న మాట నిజం.

పులివెందుల దారి: గొట్టం

పులివెందుల బస్సుని పొలిమేర అవతల పోలీసులు ఆపారు. ఎలక్షన్లు దగ్గరికొస్తున్నాయి, ప్రతి సంచీ విప్పుతున్నారు. కానిస్టేబులు నా ఒళ్ళో రేకు గొట్టం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందది?"

"బొమ్మండీ."

"మెల్లిగా కింద పెట్టు. పెట్టి దిగు."

బస్సు బస్సంతా దిగింది. నా పక్క సీటావిడ, అప్పటిదాకా నాకు చీనీకాయ, మా వైపు బత్తాయి, ఒలిచి పెట్టిన మనిషి, కొంగు దులుపుకుని దూరంగా పోయి నించుంది. కానిస్టేబులు ఊపిరి బిగబట్టి మూత తీశాడు. లోపల నుంచి మెల్లగా బొమ్మ లాగాడు. బస్సు మీద ఆనించి విప్పి చాలాసేపు చూశాడు.

"గండికోటే గదా?" అన్నాడు. "గండికోటలో గంటగోపురం యాడుంది? తప్పేసినావే."

"నేను కాదండీ, మా మాస్టారు."

"చెప్పు మీ మాస్టారికి" అని చుట్టి ఇచ్చాడు. బస్సెక్కాక పక్కావిడ మిగిలిన చీనీ తొనలు నా చేతిలో పెట్టింది. నేనూ తిన్నాను. భయం ఎవరికి మాత్రం ఉండదు.

పల్లె: నా మండపం

దానియేలు సారున్న పల్లె పేరు రాయను. ఊరికి రెండు వీధులు: పై ఈది, కింద ఈది. రెండూ రెండు పార్టీలు. టీ కొట్లు రెండు. బస్సు దిగిన మనిషి ముందు ఏ కొట్లో టీ తాగితే ఆ పార్టీ లెక్క. ఈ సంగతి కండక్టరు ముందే చెప్పి పుణ్యం కట్టుకున్నాడు. దాహంగా ఉన్నా ఎక్కడా ఆగకుండా, నా చెప్పుల చప్పుడుతో రెండు కొట్లనీ నిద్రలేపి, నేరుగా సారు ఇల్లు వెతుక్కున్నాను.

ఆదివారం. సారు అప్పుడే ప్రార్థన ముగించుకుని వచ్చి, తెల్ల చొక్కా విప్పకుండానే మంచం మీద కూర్చున్నాడు. బొమ్మ మోకాళ్ళ మీద పరిచాను. ఆయన మిగతావేవీ చూడలేదు. సరాసరి మండపం మీద వేలు పెట్టాడు.

"ఇది నా కండ్ల ముందర గీసినాడు మా, మొదట పెన్సిలుతో. ఆ కాగితం నాకే ఇచ్చినాడు. 'ఇది యాడుంది సార్' అంటే, 'ఎక్కడా లేదురా, నా బుర్రలో ఉంది' అన్యాడు."

అయిపోయింది. సాక్ష్యం దొరికింది, నాకక్కర్లేని సాక్ష్యం. ఆ మండపాన్ని తుడిపించడానికే వచ్చినట్టయిందని, మాస్టారి అద్దుడు కాగితం సంగతంతా ఆయనకి చెప్పాను. సారు విని, లేచి, గోడకున్న తాళంచెవి తీసుకున్నాడు.

"రా మా, చూపిస్తా."

"లేనిదాన్ని ఏం చూపిస్తారు సారూ?"

"అప్పుడు లేదు" అన్నాడు.

రెండు వీధుల మధ్య ఖాళీ జాగాలో, మనిషెత్తు అరుగు మీద, బడి ఉంది. చిన్నది. ముందు నాలుగు రాతి స్తంభాలు. రెండు పక్కలా మెట్లు. ఇటు నుంచి ఒక వరస, అటు నుంచి ఒక వరస, పైన కలుస్తున్నాయి. సున్నం పెచ్చులూడింది, లోయా మబ్బులూ లేవు, పక్కన గడ్డివామి ఉంది. అయినా అదే. నేను నడిరోడ్డు మీద నించుని నోరు తెరుచుకుని చూశాను.

సారు చెప్పాడు. ఒకప్పుడు బడికి మెట్లు కింద ఈది వైపే ఉండేవట. గొడవల్లో రెండు తలలు పోయాక, పై ఈది వాళ్ళు పిల్లల్ని ఆ వీధిలో అడుగు పెట్టనివ్వలేదు. రెండేళ్ళు సగం బడి ఖాళీ. రాజీకి పెద్దమనుషులు కూచున్నప్పుడు, ఏ మాటా తెగక లేచిపోతుంటే, సారు ఇంటికి పరిగెత్తి మాస్టారిచ్చిన ఆ పెన్సిలు బొమ్మ తెచ్చి మధ్యలో పెట్టాడు. ఎవరి మెట్లు వాళ్ళవి. ఒకరి గడప ఒకరు తొక్కక్కర్లేదు.

"నా బతుకులో అంత తొందరగా తెగిన పంచాయితీ లేదు మా. ఎవురి మెట్లు వాళ్ళే కట్టుకున్యారు. ఆ పక్క పదకొండు, ఈ పక్క పదకొండు. ఒకటి ఎక్కువైతే మళ్ళా కొట్లాట అని నేనే తాడు పట్టుకొని కొలిచినా."

"పైన పిల్లలు కలిసే కూర్చుంటారా?"

"పైన కల్సే. దిగేటప్పుడు ఎవురి పక్కకు వాళ్ళు."

నాకు మనసాగలేదు. పై ఈది వైపు మెట్లెక్కాను. పైన నించుంటే దూరంగా చీనీ తోటలూ కొండలూ కనిపించాయి. మాస్టారి బుర్రలో ఉన్నదాని మీద నా కాళ్ళున్నాయి. చిన్నప్పుడు బొమ్మలో ఈ మెట్లని వేలితో ఎన్నిసార్లు ఎక్కానో, ఎక్కి అటు దిగేదాన్ని. ఇప్పుడూ అలవాటుగా అటే దిగాను. టపా, టపా, టపా. ఆరో మెట్టు దగ్గర నా చెప్పుల చప్పుడు తప్ప ఊళ్ళో ఇంకే చప్పుడూ లేదని తెలిసింది.

కింద ఈదిలో పేకాడేవాళ్ళు ముక్కలు చేత్తో పట్టుకుని ఆగిపోయారు. పై ఈదిలో ఆడవాళ్ళు గోడల మీంచి చూస్తున్నారు. భుజాన తువ్వాలున్న మనిషొకడు లేచి నాకెదురుగా వచ్చాడు.

"ఎవురి మనిషివమ్మా నువ్వు? ఆ పక్క ఎక్కి ఈ పక్క దిగినావే."

వెనక్కి పోతే అదింకా తప్పు. "తెనాలి మనిషిని" అన్నాను, నాకు తోచిన జవాబు అదే. "ఈ మెట్లు మొదట గీసింది మా మాస్టారు."

అతను దానియేలు సారు వైపు చూశాడు. సారు తలూపాడు. అతను పక్కకి జరిగి, "అట్లయితే అన్నం తినే పోవల్ల" అన్నాడు. మాట పూర్తవకముందే పై ఈది నుంచి ఒక ముసలావిడ గొంతు: "మా మెట్లెక్కింది, మా ఇంట్లోనే తినల్ల." దేవుడా అనుకున్నాను, మళ్ళీ రెండు తలలు నా వల్ల పోతాయేమో అని. చివరికి పై ఈదిలో సంగటి, ఊరిబిండి అనే చెనిక్కాయల పచ్చడి, కింద ఈదిలో కోడికూర, ఓళిగలనే బొబ్బట్లు, గంట తేడాతో రెండు పూటల తిండి తిన్నాను. అందుకే ఊరి పేరు రాయనన్నది. ఏ వీధి వాళ్ళకీ కోపం రాకూడదు.

బస్సు దగ్గర దానియేలు సారు చెప్పాడు. "ఇన్ని ఏండ్లూ అట్లా దిగేది నేనొక్కడినే మా. నువ్వు రెండో మనిషివి."

మళ్ళీ తెనాలి

బొమ్మ బల్ల మీద పరిచాను. మాస్టారు కుంచె, గ్లాసులో నీళ్ళు, అద్దుడు కాగితం అన్నీ సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు.

"ఐదూ ఉన్నాయండీ" అన్నాను.

"నాకబద్ధం చెప్పకు. ఒకటి కల్పించాను."

"కల్పించారు. తర్వాత కట్టారు."

అంతా చెప్పాను. పెన్సిలు కాగితం, రాజీ, పదకొండు మెట్లు, గడ్డివామి, రెండు భోజనాలు, చెప్పుల చప్పుడు. అయ్యాక ఆయన ఒకటే అడిగారు.

"ఏ వైపు ఎక్కావు?"

"ఇటు ఎక్కి అటు దిగాను."

"అటు దిగడానికే గదమ్మా రెండు వైపులా వేశాను" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి.

తర్వాత కుంచె నీళ్ళలో ముంచారు. మాస్టారూ వద్దు అందామని నోరు తెరిచాను. ఆయన ఉన్న ఒక్క కన్నూ కాగితానికి బెత్తెడు దూరంలోకి తెచ్చుకుని, మండపం వెతుక్కుని, కుంచె గోధుమ రంగులో అద్ది, అటు వైపు మెట్ల మీద ఒక చుక్క పెట్టారు. చుక్క కింద ఇంకో మచ్చ. భుజాన పొడుగ్గా ఒక గీత, అది గొట్టం. మనిషి దిగుతోంది.

"చూడకుండా గీశారు మాస్టారూ" అన్నాను.

"నువ్వు చూశావుగా" అన్నారు, కిందికి జరిగి సంతకం పెడుతూ. అక్షరాలు వంకరగా పోయాయి. అద్దుడు కాగితం తీసుకుని, నేను దిగే మెట్ల మీద కాదు, సంతకం మీద అద్దారు.

నేను కళ్ళు తుడుచుకుని బొమ్మ దగ్గరికి ఒంగాను. "అంత పెద్ద పాదాలేంటండీ నాకు?"

"చెప్పులు రెండు వేళ్ళు పెద్దవన్నావుగా" అన్నారు.